గరిక మీద థర్మామీటరు, చేలో ఐదు మీటర్ల తాడు

హైదరాబాద్ రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8 నాటిది. నీరు గడ్డకట్టాలంటే అంతకన్నా చాలా దిగాలి. జవహర్‌నగర్, నాచారం ఇళ్ల ముందు తులసమ్మ చలికాలంలో ఆకు రాల్చి పుల్లలు తేలుతుంది. ఇక్కడి చలి చేసే నష్టం ఇంచుమించు అంతే. అయినా చలికి పోయిన పంటను ఎలా లెక్కగడతారని ఆలోచించడానికి ఈ చోటు తగినదే. హబ్సిగూడ నుంచి ఉప్పల్‌కు వచ్చే రోడ్డు మీద కణాన్ని చదివే సీసీఎంబీ, భూమిని చదివే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. ఉప్పల్‌లో నేల కొలతలు నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. పంట నష్టం లెక్కగట్టడం వాటి పని కాదు. కానీ ఆ లెక్క కట్టేవాడికి ఈ మూడు చూపులూ కావాలి: మొక్క లోపల ఏం జరిగిందో తెలియాలి, నేల వాలు తెలియాలి, గీసిన గీత నిక్కచ్చిగా ఉండాలి. ఆ పనిలో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కంటికి కనిపించినదాన్ని అలాగే నమ్మకుండా ఒక ఏర్పాటు చేశారు. నన్ను ఆకట్టుకున్నవి ఆ ఏర్పాట్లే.

తెలుగు నేల మీద మంచు నిజంగా గడ్డకట్టే చోటు చూడాలంటే అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలానికి వెళ్లాలి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ గడ్డి మీద, ఆరుబయట నిలిపిన బండ్ల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. ఆ రోజుల్లో పత్రికలు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతను అచ్చు వేస్తాయి. చాలాసార్లు అది సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైనే ఉంటుంది. మరి గడ్డి మీద మంచు ఎలా గట్టిపడింది?

జవాబు థర్మామీటరు ఎక్కడ ఉందన్న దాంట్లో ఉంది. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత చూసే పరికరాలను నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన, చుట్టూ వాలు చెక్కలున్న పెట్టెలో పెడతారు. దాని పేరు స్టీవెన్సన్ స్క్రీన్. ఎండ నేరుగా తగలకుండా, గాలి మాత్రం ఆడేలా ఆ చెక్కల వాలు అమర్చి ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత తెలియడానికి అది చక్కటి ఏర్పాటు. కానీ మొక్క ఆ పెట్టెలో లేదు, నేలను అంటుకుని ఉంది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటాయి. మబ్బుంటే ఆ వేడిలో కొంత తిరిగి పంపుతుంది, గాలి వీస్తే పై వెచ్చదనాన్ని కిందికి కలుపుతుంది. రెండూ లేని రాత్రి ఆకు తన చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. పెట్టెలో మూడు డిగ్రీలున్నప్పుడు గరిక కొసన సున్నా ఉండవచ్చు, ఇంకా కిందికీ దిగవచ్చు.

అందుకే వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో ఇంకో థర్మామీటరు ఉంటుంది. దాన్ని పెట్టెలో పెట్టరు. చిన్న కొక్కేల మీద అడ్డంగా, పొట్టిగా కత్తిరించిన గడ్డి కొసలను దాని బల్బు తాకీతాకనట్టు ఆరుబయట పడుకోబెడతారు. లోపల పాదరసానికి బదులు ఆల్కహాల్ ఉంటుంది. ఆ ఆల్కహాల్‌లో మునిగి ఒక సన్నటి ముదురు రంగు గాజుపుల్ల ఉంటుంది, రెండు చివరలూ గుండుసూది తలల్లా. రాత్రి చలి పెరిగేకొద్దీ ఆల్కహాల్ కుంచించుకుపోయి వెనక్కి జరుగుతుంది. దాని ఉపరితలం మీద ఉండే బిగువు ఆ గాజుపుల్ల తలను తనతో పాటు వెనక్కి లాక్కుపోతుంది. తెల్లవారి వేడెక్కినప్పుడు ఆల్కహాల్ పుల్లను కదపకుండా దాని పక్కల నుంచి ముందుకు పారిపోతుంది. పుల్ల మాత్రం రాత్రి అతి చల్లటి క్షణంలో ఎక్కడికి చేరిందో అక్కడే ఆగిపోతుంది. ఉదయం వచ్చిన పరిశీలకుడు బల్బుకు దూరంగా ఉన్న పుల్ల కొసను చదివి, రాసుకుని, బల్బు వైపు ఎత్తి వంచుతాడు. పుల్ల జారి ఆల్కహాల్ అంచు దగ్గరకు వచ్చి మర్నాటి రాత్రికి సిద్ధమవుతుంది. కరెంటు లేదు, చక్రాలు లేవు. ఎవరూ మేలుకొని చూడని ఘడియను ఒక ద్రవపు అంచు, ఒక గాజుపుల్ల కలిసి గుర్తుపెట్టుకుంటాయి.

చల్లటి గాలి బరువెక్కువ. అది వాలు వెంట మెల్లగా దిగి పల్లంలో నిలుస్తుంది. కాబట్టి కొండ ఏటవాలున ఉన్న తోట బతికి, అదే కొండ కింద పల్లపు మడి మాడిపోవడం వింత కాదు. నష్టం చూడ్డానికి వచ్చినవాడు మొక్కకన్నా ముందు నేల వాలు చూడాలి. రోడ్డు పక్కన ఎత్తున ఉన్న నాలుగు మొక్కలు చూసి ఊరంతటికీ రాసేస్తే కింద పల్లంలోని రైతుకు అన్యాయం జరుగుతుంది. పల్లపు మడి ఒక్కటే చూసి రాసినా లెక్క తప్పుతుంది.

ఇక మొక్క లోపలికి. నీరు సున్నా దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం గానీ ఆకులోని నీరు అంత తొందరపడదు. గడ్డకట్టడం మొదలవడానికి ఒక ఆసరా కావాలి. అది దొరక్కపోతే నీరు సున్నాకు కొన్ని డిగ్రీలు దిగినా నీరుగానే ఉండిపోతుంది. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియా తన పైపొరలోని ఒక ప్రొటీన్‌తో ఆ ఆసరా ఇస్తుంది. అది ఉన్న ఆకు మీద మైనస్ రెండు డిగ్రీల దగ్గరే మంచు మొలుస్తుంది. మొదట కణాల మధ్య ఖాళీల్లో మొలుస్తుంది. ఆ మంచు కణం లోపలి నీటిని బయటికి లాగుతుంది, కణం ఎండి ముడుచుకుంటుంది. అంటే గడ్డమంచుకు చచ్చే మొక్క చాలావరకు దాహంతో చస్తుంది. మంచు కరిగాక, తెగిపోయిన కణత్వచాల గుండా రసం కారి ఆకు ముదురుగా, తడిసిన గుడ్డ తీరున వేలాడుతుంది. ఎండ ఎక్కేసరికి అది గోధుమరంగుకు తిరుగుతుంది.

ఆ ఉదయం చేను చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, అంతా పోయిందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే లెక్క రాయకూడదు. పని తెలిసినవాడు కొన్ని రోజులు ఆగుతాడు, వాతావరణం చల్లగానే ఉంటే వారం పది రోజులైనా ఆగుతాడు. వాడిన ఆకు తిరిగి లేవకపోవచ్చు. కానీ మొక్క బతుకు ఆకులో లేదు, కొత్త ఆకును కనే పెరుగుదల మొనలో ఉంది. దాన్ని చూడ్డానికి పదునైన బ్లేడుతో కాండాన్ని నిలువుగా చీలుస్తారు. మొన తెల్లగా, గట్టిగా, నీరు నిండి ఉంటే మొక్క బతుకుతుంది. గోధుమరంగుకు మారి మెత్తబడితే పైన పచ్చగా కనబడుతున్నా దాని పని అయిపోయినట్టే. పండ్ల చెట్ల మొగ్గలను అడ్డంగా కోసి చూస్తారు. రెక్కలు పచ్చగానే ఉండి నడుమనున్న కీలం నల్లబడితే ఆ మొగ్గ పూయవచ్చు, కాయ మాత్రం కట్టదు. కొమ్మ బెరడును గోటితో గీకితే కింద పచ్చపొర కనబడాలి.

కంటికి అంతుపట్టని పాక్షిక నష్టానికి ప్రయోగశాలలో ఇంకో దారి ఉంది. డెక్స్టర్, ఆయన సహచరులు 1932లో ప్రకటించిన ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆకు నుంచి చిన్న బిళ్లలు కోసి స్వేదనజలంలో వేస్తారు. స్వచ్ఛమైన ఆ నీరు విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు. కణత్వచం తెగి ఉంటే లోపలి పొటాషియం వంటి లవణాలు నీళ్లలోకి కారతాయి, విద్యుద్వాహకత పెరుగుతుంది. దాన్ని కొలుస్తారు. తర్వాత అదే నీటిని, అవే బిళ్లలను మరిగిస్తారు. ఇప్పుడు కణాలన్నీ చస్తాయి, కారవలసినదంతా కారుతుంది. చల్లార్చి మళ్లీ కొలుస్తారు. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే ఎంత శాతం కారిందో తేలుతుంది. ఆకు లేతదా ముదురుదా, బిళ్లలో లవణం ఎంత ఉందన్న చిక్కులన్నీ ఆ భాగహారంలోనే కొట్టుకుపోతాయి. ఆకునే దానికి కొలబద్దగా పెట్టిన ఆ ఆలోచన చూసి నాకు ముచ్చటేస్తుంది.

తెలంగాణలో చలి నష్టం మంచు లేకుండానే వస్తుంది. యాసంగి వరి నారుమళ్లు డిసెంబరు, జనవరి చలిలో పడతాయి. రాత్రి ఉష్ణోగ్రత పదీ పన్నెండు డిగ్రీలకు దిగితే నారు ఎదగదు, ఆకులు పసుపు పచ్చగా పాలిపోతాయి, కొసలు ఎండుతాయి. ఇక్కడ ఏదీ గడ్డకట్టలేదు. ఉష్ణదేశపు మొక్క కాబట్టి ఆ చలికే దాని కణత్వచాల పట్టు సడలుతుంది, వేళ్లు పోషకాలను అందుకోలేవు. రైతులు సాయంత్రం మడిలోని చల్లటి నీళ్లు తీసేసి ఉదయం కొత్త నీళ్లు పెడతారు. రాత్రి యూరియా బస్తాలు కుట్టిన పట్టాలో పాలిథిన్ షీటో కప్పి పొద్దున్నే తీస్తారు. రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకున్న తెల్లహంస వరి ఈ చలిని తట్టుకునే రకంగా పేరుపడింది. నారుమడిలో నష్టం చూసేటప్పుడూ తొందర పనికిరాదు. పాలిపోయిన నారు నాలుగు వెచ్చటి రోజులకు కోలుకోవచ్చు. పసుపు రంగు చలి వల్లో జింకు లోపం వల్లో చెప్పడం కూడా ఒక్క చూపుకు సాధ్యం కాదు, చలి జింకును అందనివ్వదు కాబట్టి రెండూ ఒకేచోట కనబడతాయి.

మనకు ఆకాశం నుంచి పడే అసలు మంచు దెబ్బ మరొకటి: రాళ్ల వాన. 2023 మార్చిలో కురిసిన వడగళ్లు, అకాల వర్షాల వల్ల తెలంగాణలో సుమారు 2.28 లక్షల ఎకరాల్లో పంట పోయిందని లెక్క తేలింది. అందులో సగానికి పైగా మొక్కజొన్న, దాని తర్వాత వరి. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో తిరిగి ఎకరానికి పది వేల రూపాయల సాయం ప్రకటించారు. గడ్డమంచుకైనా రాళ్లకైనా మొక్కజొన్నను చదివే తీరు ఒకటే. ఐదారు ఆకుల దశ దాకా దాని పెరుగుదల మొన నేల కిందే ఉంటుంది. పైనున్న ఆకులన్నీ చిరిగి పీలికలైనా అది మళ్లీ లేస్తుంది. కంకి వేసే దశలో అదే దెబ్బ తగిలితే లేచే దారి లేదు. కాబట్టి ఎన్ని ఆకులు చిరిగాయన్నదాని కన్నా ఎప్పుడు చిరిగాయన్నది ముఖ్యం.

బతికిన మొక్కలు ఎన్నో తెలియడానికి ఎకరమంతా లెక్కపెట్టక్కర్లేదు. ఎకరంలో వెయ్యో వంతు అంటే నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లుంటే ఒక సాలు వెంట ఆరు మీటర్ల 75 సెంటీమీటర్లు కొలిస్తే ఆ వెయ్యో వంతు వచ్చేస్తుంది. ఆ పొడవున ఉన్న బతికిన మొక్కల సంఖ్యకు మూడు సున్నాలు చేర్చితే ఎకరం లెక్క. మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లతో వేసిన చేలో అక్కడ 33 మొక్కలుండాలి. 20 ఉంటే మిగిలింది ఎంతో, పోయింది ఎంతో చేలో నిలబడే చెప్పవచ్చు. సాళ్ల దూరం మారితే కొలిచే పొడవు మారుతుంది, అంతే. చేలో అక్కడక్కడా ఇలా చూసి సగటు తీస్తారు.

ప్రభుత్వ సాయానికి ఒక గీత ఉంది. విపత్తు సహాయ నిధి కింద పెట్టుబడి సాయం దొరకాలంటే 33 శాతం పంట పోయి ఉండాలి. 2015 వరకు ఆ గీత 50 శాతం దగ్గర ఉండేది. శీతగాలులను, గడ్డమంచును ఆ విపత్తుల జాబితాలో చేర్చింది 2012లో. గీత ఒకటి ఉందంటే 32కూ 34కూ మధ్య తేడా ఒక కుటుంబానికి పెద్ద తేడా. అంచనా అక్కడ ఊహ మీద నడవకూడదు.

ఒకప్పుడు ఊహ మీదే నడిచేది. పూర్తి పంటను పదహారణాలుగా పెట్టుకుని, గ్రామాధికారి గట్టు మీద నిలబడి ఈ ఏడు పదణాలనో ఎనిమిదణాలనో రాసేవాడు. ఆ కన్ను అనుభవం ఉన్నదే. కానీ అది గట్టు దగ్గరి మొక్కనే చూస్తుంది, శిస్తు మాఫీ గుర్తొస్తే ఒకవైపు, పై అధికారి గుర్తొస్తే మరోవైపు వంగుతుంది. 1920ల్లో బిహార్–ఒరిస్సాలో హబ్బాక్ అనే అధికారి, కోసే చోటును మనిషి ఎంచకూడదని, అది యాదృచ్ఛికంగా పడాలని పట్టుబట్టి వరి పొలాల్లో ఆ పని చేసి చూపాడు. బెంగాల్‌లో మహలనోబిస్ దాన్ని పెద్ద ఎత్తున నడిపాడు. 1940ల్లో సుఖాత్మే, పాన్సే దానికి ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చారు. మన మండలాల్లో పంట కోత ప్రయోగం అని పిలిచేది దాన్నే.

ఆ ప్రయోగం చూసి తీరాలి. ముందు ఊళ్లను, ఊళ్లో సర్వే నంబర్లను, అందులో మడిని యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఎంచుతుంది. మడి దగ్గరకు వచ్చాక సిబ్బంది నైరుతి మూల నిలబడతారు. పొడవును, వెడల్పును అంగలతో కొలుస్తారు. 60 అంగల పొడవు, 40 అంగల వెడల్పు అనుకుందాం. కోయబోయే చతురస్రం గట్టు దాటి పోకుండా రెండింటిలోంచీ ఏడేసి అంగలు తీసేస్తారు. మిగిలినవి 53, 33. ఆ హద్దుల్లోపు పట్టిక రెండు సంఖ్యలిస్తుంది, 21, 9 అనుకుందాం. పొడవు వెంట 21 అంగలు, అక్కడి నుంచి పంటలోకి 9 అంగలు నడిచి మేకు కొడతారు. అక్కడ పంట బారెడు ఎత్తుండనీ, పడిపోయి బురదలో ఉండనీ, మేకు కదలదు. పక్కన మంచి పంట ఉందని రైతు బంధువు చెప్పినా, ఇటు బాగా దెబ్బతిన్నదని ఇంకొకరు చెప్పినా కదపరు. మనిషి ఇష్టం చొరబడే సందు ప్రతిచోటా మూసేసి ఉంది.

ఆ మేకు నుంచి ఐదు మీటర్ల భుజాలతో చతురస్రం. నాలుగు భుజాలూ ఐదేసి మీటర్లున్నంత మాత్రాన చాలదు, అది పక్కకు ఒరగవచ్చు. ఒక మూల కోణం 80 డిగ్రీలకు ఒరిగితే 25 చదరపు మీటర్లు కాస్తా 24.6 అవుతుంది. అందుకే ఎదురెదురు మూలల మధ్య టేపు పట్టి ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వచ్చిందో లేదో చూస్తారు. అది సరిపోతే మూలలన్నీ సరిపోయినట్టే. తాడు బిగించి మెల్లగా నేలకు దించుతారు. లోపల వేరున్న మొక్క కంకి బయటికి వాలినా లోపలిదే. బయట వేరున్నది లోపలికి వాలినా బయటిదే. తీర్పు మొదలు దగ్గర, కొస దగ్గర కాదు.

ఐదు మీటర్లే ఎందుకంటే, ఒక మీటరు చతురస్రానికి ఒక చదరపు మీటరు పంటకు నాలుగు మీటర్ల హద్దు ఉంటుంది. ఐదు మీటర్ల చతురస్రానికి ఆ హద్దు 80 సెంటీమీటర్లే. హద్దు మీది మొక్కను తెలియకుండానే లోపల వేసుకోవడం మనిషి చేతి అలవాటు, అందుకే చిన్న ప్లాట్లు ఎప్పుడూ దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయి. సుఖాత్మే పట్టుకున్నది ఈ సంగతినే. మరీ పెద్దదైతే ఒక పూటలో కోత, నూర్పిడి, తూకం తెమలవు. ఐదు మీటర్లన్నది చేతి తప్పుకూ పగటి నిడివికీ మధ్య కుదిరిన కొలత.

కోసిన పనలను పట్టా మీదే నూరుస్తారు, గింజ జారిపోకూడదు. తూర్పారబట్టి కాటా వేస్తారు. 15.2 కిలోలు తూగాయనుకుందాం. అవి పచ్చి వడ్లు, తేమకు ధర లేదు. కిలో వడ్లు విడిగా సంచిలో కట్టి ఎండబెడితే 900 గ్రాములకు దిగాయనుకుంటే, అసలు తూకం 13.68 కిలోలు. హెక్టారులో ఇలాంటి చతురస్రాలు 400 కాబట్టి హెక్టారుకు 5,472 కిలోలు, ఎకరానికి ఇరవై రెండు క్వింటాళ్లు. ఇక్కడ ఒక్క కిలో పొరపాటు హెక్టారుకు 400 కిలోలవుతుంది. నూర్చేవాళ్లు పట్టా అంచుల్లో గింజలు ఏరడం చూసినప్పుడు ఆ గుణకారం గుర్తుపెట్టుకోవాలి.

ఫసల్ బీమా లెక్క ఈ తూకాల మీదే నిలుస్తుంది. గ్రామం బీమా యూనిట్ అయినచోట కనీసం నాలుగు ప్రయోగాలు. గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటును హామీ శాతంతో గుణిస్తే హామీ దిగుబడి. అది ఎకరాకు 20 క్వింటాళ్లై, ఈసారి 14 వస్తే తరుగు 30 శాతం, బీమా మొత్తంలో అంత వస్తుంది. రాళ్ల వాన మాత్రం ఒక చేను మీద పడి పక్క చేను మీద పడదు, ఊరి సగటులో ఆ రైతు నష్టం కలిసిపోతుంది. అందుకే ఆ నష్టానికి విడిగా, 72 గంటల్లో తెలియజేసిన రైతు పొలం వరకే వచ్చి చూసే వీలు పెట్టారు.

2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసే దిగుబడి అంచనాకు లెక్కలో కనీసం 30 శాతం చోటిచ్చారు. ఉపగ్రహం పల్లాన్నీ ఏటవాలునూ ఒకేసారి చూడగలదు. చేను పచ్చదనం ఏ రోజున తగ్గిందో, మళ్లీ లేచిందో లేదో చెప్పగలదు. అంటే బ్లేడు పట్టుకుని ఆగినవాడి ఓపిక దానికి పుట్టుకతోనే వచ్చింది. అయితే ఫలానా పచ్చదనం ఎన్ని కిలోల వడ్లకు సమానమో దానంతట దానికి తెలియదు. అది నేర్పడానికి ఎవరో మడి నైరుతి మూల నిలబడి అంగలు వేసి, మేకు కొట్టి, టేపుతో ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు చూసి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలతో పాటు ఎండిన వడ్ల తూకం పంపాలి.